సారు గారికి మండపీతలు

లోపలికి వెళ్ళేటప్పుడు కూతురు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తుందనుకున్నాడు బుల్లియ్య. చూడలేదు. గేటు పక్కన సిమెంటు మడుగులో గులాబీ రంగు మందునీళ్ళున్నాయి. అందులో కాళ్ళు ముంచింది, చేతులకేదో రాసుకుంది, తన చెప్పులు అక్కడ వదిలేసి వాళ్ళిచ్చిన తెల్ల చెప్పులు తొడుక్కుంది, ఫైలు గుండెకి ఆనించుకుని నడిచి వెళ్ళిపోయింది. నడక తల్లిదే. తల మీద చేపల తట్ట ఉన్నట్టు మెడ నిటారుగా పెట్టి నడిచేది లోవలక్ష్మి, తట్ట లేని రోజున కూడా. ఈ పిల్ల జన్మలో తట్ట ఎత్తలేదు, మెడ మాత్రం ఆ మెడే. వాచ్‌మన్ త్రిమూర్తులు "మీరిలా కూచోండి బాబాయ్, గంట పట్టుద్ది" అని రేకుల షెడ్డు చూపించాడు. కూర్చున్నాడు. గంటంటే ఎంత, సముద్రం మీద వల వేసి కూర్చున్న గంటలు ఎన్ని లేవు, అవన్నీ ఎలా గడిచాయో తెలియలేదు. ఇది మాత్రం మొదట్లోనే ఆగిపోయింది. రొయ్యపిల్లల కంపెనీ ఇది, హేచరీ అంటారు. ఉద్యోగం రీసెర్చ్ ట్రైనీ అట, ఒక్కటే అట. రీసెర్చ్ అంటే ఏంటమ్మా అని అడిగితే "తెలియనిది కనుక్కోవడం నాన్నా" అంది. తెలియనిది కనుక్కున్నందుకు జీతమిస్తారన్నమాట. తెలిసింది చెప్పినందుకు తన్నులు తిన్నవాళ్ళనే చూశాడు తను ఇన్నాళ్ళూ. ఇప్పటికి ఎన్నో కంపెనీలు తిరిగింది పిల్ల. ఒకడు ఇంగ్లీషు చాలదన్నాడు, ఒకడు అనుభవం ఉందా అన్నాడు, ఒకడైతే ఫోనైనా చెయ్యలేదు. వాళ్ళలో ఒక్కడి పేరూ మర్చిపోలేదు బుల్లియ్య. నిన్న అన్నం ముందు కూర్చుని, ఇది రాకపోతే రొయ్యల తలలు తీసే షెడ్డులో సూపర్‌వైజరుగా చేరిపోతాను నాన్నా, ఇంక తిరగలేను అంది. ఆ షెడ్డులో ఐసు నీళ్ళల్లో వేళ్ళు పాచిపోయిన ఆడవాళ్ళ మధ్య, ముక్కుకి గుడ్డ కట్టుకుని నిలబడటానికా ఎమ్మెస్సీ చదివింది. అనుకున్నాడు. కలిపిన ముద్ద తినేసి చెయ్యి కడిగేసుకున్నాడు.

అందుకే ఆ తడి సంచి. పొద్దున బయలుదేరేటప్పుడు టీవీఎస్ ముందు పెట్టిన గోనె చూసి "ఏంటి నాన్నా ఇది?" అంది. వలముక్క, దారిలో ఒకళ్ళకి ఇవ్వాలన్నాడు. మామూలు రోజైతే ముక్కుతోనే పట్టేసేది. ఇవాళ వెనక కూర్చుని దారి పొడుగునా ఇంగ్లీషు గొణుక్కుంటూనే ఉంది. ఉప్పాడ దాటుతుంటే కెరటం రాళ్ళ మీంచి ఎగిరి రోడ్డు మీద పడింది, ఇద్దరి మొహాలూ తడిశాయి, అయినా గొణుగుడు ఆపలేదు. అక్కడే ఎక్కడో తమ ఇల్లుండేది. అటు చూడలేదు. చూడ్డానికి ఏముంది, నీళ్ళు. సంచిలో నాలుగు మండపీతలు. ఒక్కో డెక్క, ఆ ముందరి కొండి, అరచెయ్యంత, పురికొసతో కట్టేసినా చూస్తే భయమేస్తుంది. కోరంగి వైపు మడకాలువలో నిన్న సాయంత్రం పడ్డాయి. పడవ అమ్మేశాక ఇప్పుడు చేసేది ఆ పీతల వేటే. వ్యాపారికి వెయ్యకుండా రాత్రంతా తడిగుడ్డ కప్పి ఉంచాడు. లోవలక్ష్మి అనేది, ఖాళీ చేతుల్తో గడప తొక్కితే గడప కూడా పలకదు అని. ఆవిడ ఏ ఆఫీసరు ఇంటికీ ఊరికే వెళ్ళలేదు. పిల్లని కాలేజీలో చేర్చినప్పుడు ప్రిన్సిపాలు గారింటికి వంజరం పట్టుకెళ్ళింది, సీటు మార్కులకే వచ్చిందని ఆయన ఎంత చెప్పినా నమ్మలేదు. బుల్లియ్యా నమ్మలేదు. మార్కులకి సీటు రావడం ఎక్కడైనా ఉందా. పిల్ల అలా లోపలికి వెళ్ళగానే ఇలా చినబాబు ఆటో వచ్చింది. కంపెనీ కేంటీన్‌కి కూరగాయలు వేస్తాడు, తన పడవ ఉన్నన్నాళ్ళూ అందులో పనిచేసినవాడే. దేవుడు పంపినట్టు వచ్చాడనుకున్నాడు. త్రిమూర్తులు అటు తిరిగి ఆటో చక్రాలకి మందు కొడుతుంటే, సొరకాయల కింద గోనె దూర్చేశాడు.

"సారు గారికియ్యి. దేవిశ్రీ వాళ్ళ నాన్న ఇచ్చేడని సెప్పు."

"ఏ సారుకి బాబాయ్?"

"పెద్దసారుకి. ఎక్కడైనా పెద్దసారొకడు ఉంటాడు కదరా."

చినబాబు నవ్వి వెళ్ళాడు. బండి పక్కసంచిలో ఇంకో మూట ఉంది, చిన్న పీతలు రెండు. అవి త్రిమూర్తులుకి, వెళ్ళేటప్పుడు ఇద్దామని. పని అయిపోయినట్టు కాళ్ళు చాపుకున్నాడు. కాసేపు బాగానే ఉంది. సాయంత్రం పెద్దసారు ఇంట్లో మిరియాల పులుసు పెడతారు, డెక్క కొరికి రసం పీలుస్తూ ఎవరు పంపారు ఇవి అంటాడు, పొద్దున వచ్చిన అమ్మాయి తండ్రట అంటారు, అప్పుడు ఆ పేరు గుర్తుంటుంది. ఇంటర్వ్యూకి ఏడెనిమిది మంది వచ్చారు, అందరూ ఫైళ్ళు తెచ్చారు. ఫైలుకి రుచేముంటుంది. అలా అనుకుంటూనే ఎదురుగా చూస్తున్నాడు. మేత లారీ ఒకటి వచ్చింది. దాని చక్రాలన్నీ కడిగించి, డ్రైవరు చేత కూడా కాళ్ళు ముంచించాడు త్రిమూర్తులు. డ్రైవరు నేనేమన్నా పెళ్ళికూతుర్నేంటి పారాణి పెడుతున్నారు అని గొణిగాడు. ఆ లారీ పక్కకి తప్పుకున్నాక కనిపించింది, ప్రహరీ గోడ పొడుగునా అడుగున మోకాలెత్తు నీలం వల, నేలలోకి పాతేసి. రొయ్యల చెరువుల గట్ల మీద చూశాడు ఆ వల. చెరువు దగ్గరైతే అర్థం ఉంది. ఏసీ గదుల ఆఫీసుకి ఎందుకు.

"ఆ వలేంటి బాబూ?"

"పీతలకండి" అన్నాడు త్రిమూర్తులు. "పీత లోపలికొచ్చిందంటే మా ఉజ్జోగాలు ఊడిపోతాయి బాబాయ్. మొన్న వానకి ఒకటి పాక్కుంటూ వచ్చేత్తే రామతులసి మేడమ్ గారు రెండు తొట్లు కాళీ చేయించేసేరు. అన్ని రొయ్యలూ పారబోసేరండి, మా కళ్ళ ముందే."

"మేడమ్ గారెవరు?"

"ఇక్కడ పెద్దంతా ఆవిడేనండి. మీ అమ్మాయికి ఇంటర్వూ చేత్తున్నది కూడా ఆవిడే."

సారు లేడు. పెద్దసారనేవాడే లేడు. అది మొదట తట్టింది, నవ్వు కూడా వచ్చినట్టయింది, ఆ వెనకే రెండోది, లోపలికి పంపిన గోనె. కూర కోసం పంపిన పీత వేరు, పాక్కుంటూ వచ్చిన పీత వేరు, అని తనకి తనే చెప్పుకున్నాడు. కట్టేసి ఉన్నాయి. సంచిలో ఉన్నాయి. వంటింట్లో ఉంటాయి. కానీ తనకి తెలియదా ఏంటి. అందరికంటే తనకే తెలుసు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు అంటూ పోయినేడాది పొడుగునా పిల్ల పీతల మీదే పడింది. తను తెచ్చిన ప్రతి పీతనీ అమ్మకముందు పట్టుకుని, కాలి కొస కత్తిరించి, వేలంత గొట్టాల్లో వేసి, మూతల మీద అంకెలు రాసేది. పీతకి కూడా జబ్బులుంటాయేంటే అని ఎగతాళి చేశాడు తను. ఉంటాయి నాన్నా అంది. రొయ్యలకొచ్చే తెల్లమచ్చ పీతలోనూ ఉంటుంది, కానీ పీతకేమీ అవదు, బాగానే తింటుంది, బాగానే తిరుగుతుంది, దాని దగ్గర్నుంచి రొయ్యకి అంటుకుంటే మాత్రం చెరువు చెరువంతా పోతుంది అంది. "అయితే అచ్చం మీ మేనమామే" అన్నాడు. పకపకా నవ్వింది పిల్ల. తనూ నవ్వాడు. నవ్వు సగంలో ఇద్దరికీ ఒక్కసారే ఆగిపోయింది. ఎందుకాగిందో ఆమె చెప్పలేదు, తను అడగలేదు. కత్తెర టక్కుమన్న చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

కరోనా రెండోసారి వచ్చిన ఆ ఎండాకాలం హార్బరుకి వెళ్ళొద్దంది లోవలక్ష్మి. జబ్బు మళ్ళీ ముదిరిందంట, ఊరుకో మావా అంది. ఊరుకుంటే పొయ్యిలో పిల్లి లేస్తుందా అని విసిరికొట్టి వెళ్ళాడు. తనకేమైంది, ఒక్కపూట చేపల వాసన తెలియలేదు. అంతే. జన్మలో మొదటిసారి ఒంటికి కంపు లేదనుకున్నాడు, నవ్వుతూ ఆవిడకి చెప్పాడు కూడా. మూడోనాటికి ఆవిడ దగ్గింది. తర్వాత ఆసుపత్రి వరండా, గోడకి ఆనించిన సిలిండరు, ఎవరిదో తెలియని చెయ్యి వచ్చి దాని మీటరుని మళ్ళీ మళ్ళీ తట్టడం. మొహం చూపించలేదు. సంచి కట్టేశామన్నారు. ఊరు ఊరంతా వాడే తెచ్చాడంది. పలకరించడానికి వచ్చినవాళ్ళు గుమ్మానికి ఎడంగా నిలబడి పలకరించారు. బావమరిది అయితే రోడ్డు మీద నుంచే, మా చెల్లిని మింగేశావు కదరా అని అరిచి వెళ్ళాడు. ఆ మొహాలన్నీ గుర్తున్నాయి. ఒక్కడి శుభకార్యానికీ వెళ్ళలేదు, ఒక్కడి చావుకీ వెళ్ళలేదు, వెళ్ళడు. అన్నవాళ్ళతో ఇబ్బంది లేదు, వాళ్ళ మీద ఉమ్మేసి బతకొచ్చు. కూతురు అనలేదు. డిగ్రీ చదువుతోంది అప్పుడు. ఆన్‌లైన్ క్లాసని తలుపేసుకుని ఏడ్చింది, బయటికొచ్చి అన్నం వండింది, ఇన్నేళ్ళలో ఒక్కసారి, కోపంలో కూడా, ఆ మాట అనలేదు. తర్వాత ఎమ్మెస్సీలో అందరూ చేపల మేతనీ నీళ్ళ ఉప్పునీ తీసుకుంటే ఈ పిల్ల దీన్ని తీసుకుంది. తను చావకుండా పక్కవాళ్ళని చంపే జీవాన్ని. ఎందుకు తీసుకుంది. లోకంలో ఇంకేం దొరకలేదా.

వారం రోజులుగా ఫోను గోడకి ఆనించి పెట్టి, అందులో తన మొహం చూసుకుంటూ జవాబులు అప్పజెప్పుకుంది. నీ గురించి చెప్పు అన్నదానికి వంటింట్లోకి వినిపించేలా చెప్పేది. ఐదేళ్ళ తర్వాత ఎక్కడుంటావు అన్నదానికి నవ్వుతూ చెప్పేది. ఈ టాపిక్ ఎందుకు ఎంచుకున్నావు అన్న ప్రశ్న రాగానే మాత్రం ఫోను పట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయేది. గోడ అవతల గుసగుస తప్ప మాట వినపడేది కాదు. ఇంగ్లీషే అయినా 'ఫాదర్' అంటే తనకి తెలుసు. ఆ ముక్క వినపడుతుందేమోనని స్టవ్వు కట్టేసి చెవి గోడకి పెట్టిన రాత్రి ఉంది. ఇప్పుడు అడుగుతూ ఉంటారు. ఈ నిమిషంలోనే. చల్లటి గదిలో, బల్లకి అవతల కూర్చుని, ఎందుకమ్మా ఎంచుకున్నావు. ఊళ్ళోవాళ్ళు అరిచి చెప్పినదాన్ని ఈ పిల్ల ఇంగ్లీషులో మెల్లగా చెబుతుందా. చెప్పినా తప్పేముంది, ఉద్యోగం కోసమే కదా, చెప్పుకోనీ. చెప్పొద్దు తల్లీ. చెప్పొద్దు.

ఖాళీ బుట్టలతో ఆటో తిరిగొచ్చింది. లేచి ఎదురు వెళ్ళాడు.

"ఇచ్చేవా?"

"పెద్దసారెవరో తెల్లేదు బాబాయ్, అందరూ ఇంటర్వూల్లో ఉన్నారంట. ఎండకి చచ్చిపోతాయని కేంటీన్ ఎనకాల పెద్ద నీలం తొట్టి ఉంటే దాని నీడన ఎట్టేను. తొట్టిలో ఉప్పునీళ్ళే, దోసిలితో తీసి సల్లేను కూడా. గాలాడాలని సంచి మూతి వదులు సేసేను." చినబాబు మొహంలో మంచిపని చేసిన వెలుగు. పీతల్ని ఎరిగినవాడు ఎవడైనా అదే చేస్తాడు. తనే అక్కడుంటే తనూ అదే చేసేవాడు. "వంటాయనకి మీ అమ్మాయి పేరు సెప్పేనులే. రెండుసార్లు సెప్పేను."

"తొట్టిలో ఏముంది?"

"రొయ్యలు."

"ఎనక్కెళ్ళి తెచ్చెయ్."

"రోజుకొక్కసారే వదుల్తారు నన్ను. ఏమైంది బాబాయ్?"

"ఏం కాలేదు. ఫో."

ఆటో వెళ్ళిపోయింది. డెక్కలు కట్టాడు తను, కాళ్ళు కట్టలేదు. పీత డెక్కలతో నడవదు. నీళ్ళు ఎటున్నాయో దానికి ఎవరూ చెప్పక్కర్లేదు, ఇసకలో పెట్టినా, రోడ్డు మీద పెట్టినా అటే మొహం పెడుతుంది. మూతి వదులు. తొట్టి గోడ ఎత్తెంతో. చినబాబు దోసిలికి అందిందంటే ఎంతుంటుంది. ఆ దోసిలి పీతల్ని ముట్టుకున్న దోసిలే. అయినా ప్రతి పీతలోనూ జబ్బుంటుందా, పిల్లే అంది కదా కొన్నిట్లో ఉంది కొన్నిట్లో లేదని. మరి ఏది ఏదో ఎలా తెలుస్తుంది అంటే, చూసి చెప్పలేం నాన్నా అంది. చూసి చెప్పలేం. ఇప్పుడు నోరు విప్పితే దేవిశ్రీ పేరు కొట్టేస్తారు, తండ్రి లంచం పంపాడు, అదీ పీతల లంచం, అదీ ఈ కంపెనీకి. ఏ కంపెనీకి వెళ్ళినా నవ్వుకుంటారు. విప్పకపోతే ఏమీ కాకపోవచ్చు. వంటాయన కూర వండేసుకోవచ్చు. పిల్లకి ఉద్యోగం రావచ్చు. వచ్చి, తెల్ల కోటు వేసుకుని లోపలికి వెళ్ళిన మొదటి వారంలోనే ఆ తొట్టిలో రొయ్యలు పొట్టలు ఎర్రబడి పైకి తేలితే, ఎక్కడ్నుంచి వచ్చిందో కనుక్కో అని ఈ పిల్లకే చెబుతారు. కొత్తవాళ్ళకి అలాంటి పనులే చెబుతారు. అది కనుక్కుంటుంది. కాలి కొసలు కత్తిరించి, గొట్టాల మీద అంకెలు రాసి, ఒక్కొక్కళ్ళనీ అడుగుతూ వంటాయన దగ్గరికీ, చినబాబు దగ్గరికీ వచ్చి, ఒకరోజు సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటుంది. అప్పుడు కూడా ఏమీ అనదు. దాన్ని భరించలేడు తను.

"బాబూ" అన్నాడు. త్రిమూర్తులు వినలేదు. మళ్ళీ అన్నాడు. "లోపల పీతలున్నాయి. కేంటీన్ ఎనకాల నీలం తొట్టి దగ్గర. నేనే పంపేను."

త్రిమూర్తులు నవ్వబోయి మానేశాడు. తర్వాత ఫోను ఎత్తాడు. ఆ తర్వాత అంతా కాళ్ళ చప్పుడు. మూతికి గుడ్డలు కట్టుకున్న కుర్రాళ్ళు బకెట్లు పట్టుకుని పరిగెత్తారు, ఎవడో పంపు ఆపండి పంపు ఆపండి అని అరిచాడు, ఇంటర్వ్యూకి వచ్చిన మిగతా పిల్లలు కిటికీల దగ్గర మూగారు. బుల్లియ్య లేచిన చోటే నిలబడ్డాడు. పారిపోతే బాగుండునన్న ఊహ వచ్చింది, అదీ ఎటో తెలియలేదు. లోపల్నుంచి పొట్టిగా ఒకావిడ, జుట్టుకి ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని వచ్చింది. వెనక దేవిశ్రీ. ఫైలు లేదు చేతిలో. తండ్రి వైపు చూసింది, ఆ చూపులో ఏముందో చదవడానికి అతనికి దమ్ము చాల్లేదు.

"తెచ్చింది ఎవరండీ?" అంది రామతులసి మేడమ్.

"నేనేనండి. ఆ పిల్లకి తెలీదండి. ఒట్టండి."

ఏ పిల్లకని ఆవిడ అడగలేదు. అడగక్కర్లేకుండా "మా నాన్నండి" అంది దేవిశ్రీ.

"ఎన్ని?"

"నాలుగండి. కోరంగి కాలవలోవండి."

"నాలుగూ సంచిలోనే ఉన్నాయి" అంది మేడమ్. అతను షెడ్డు స్తంభం పట్టుకున్నాడు. దేవిశ్రీ ఒక అడుగు ముందుకు వేసింది.

"రెండో మూట ఏది నాన్నా?"

"రెండోదేంటి?"

"నాన్నా."

బండి పక్కసంచి వైపు చెయ్యి చూపించాడు. మేడమ్ కనుబొమలు లేచాయి. "నీకెలా తెలుసు?"

"ఎక్కడికెళ్ళినా రెండు పట్టుకెళ్తాడండి. ఇచ్చేవాళ్ళకొకటి, ఇప్పించేవాళ్ళకొకటి."

త్రిమూర్తులు చటుక్కున తిరిగి రోడ్డుకేసి చూశాడు. మేడమ్ నవ్వలేదు. చేతులు కట్టుకుని, బల్లకి అవతల కూర్చున్నట్టే నిలబడి, "సరే. ఇప్పుడేం చేస్తావు?" అంది దేవిశ్రీని.

పిల్ల ఆలోచించలేదు. తెలుగులోనే చెప్పింది, ఒక్కొక్కటే, గొణగకుండా. ఆ తొట్టి నీళ్ళు ఎక్కడికీ పోకుండా మూసెయ్యాలండి. వాడిన వలా బకెట్లూ వేరే తొట్టికి వెళ్ళకూడదండి. పీతల్నీ ఆ తొట్టి రొయ్యల్నీ ఇవాళే పరీక్షకి తియ్యాలండి. ఆటో అతన్ని ఫోన్ చేసి ఆపాలండి, ఇంకో హేచరీకి కూడా వేస్తాడేమో. ఆగింది. మెడ నిటారుగానే ఉంది. "నేనింక లోపలికి రాకూడదండి. ఆ బండి మీదే వచ్చాను. అసలు ఇందాక కూడా వచ్చి ఉండకూడదు."

బుల్లియ్య నోరు తెరిచాడు. దాని కాళ్ళు దేనికీ తగల్లేదండి, గోనె నా ముందుందండి, అని చెప్పాలి. పిల్ల అతని వైపు చూడకుండానే చెయ్యి కొంచెం ఎత్తింది, ఊరుకోమని. ఊరుకున్నాడు.

మేడమ్ బండి పక్కసంచి వైపు ఒకసారి చూసింది. "ముందు వాటి కాళ్ళ కొసలు తీసి గొట్టాల్లో వెయ్యి. తర్వాత బ్లీచింగులో ముంచు. గేటు పక్కన స్నానాల గది ఉంది, తల మీద నుంచి పోసుకుని మా బట్టలు కట్టుకుని రా. ఇంకా రెండు ప్రశ్నలున్నాయి. ఉద్యోగం ఇస్తాననడం లేదు" అని లోపలికి వెళ్ళిపోయింది.

గోనె తెచ్చారు, దాంతో పాటు కత్తెరా గొట్టాలూ బ్లీచింగు బకెట్టూ. గేటు బయట, రోడ్డు పక్కన కూర్చుని చేసింది దేవిశ్రీ. కాళ్ళ కొసలు తీసింది. ఒక్కొక్క పీతనీ వెనక నుంచి ఒడుపుగా పట్టుకుని, తండ్రి నేర్పినట్టే, తెల్ల నీళ్ళలోకి వదిలింది. చివరగా చిన్నవి రెండూ. ఘాటుకి ఆమె కళ్ళు కారాయి, ఘాటుకే. అతను దగ్గరికి జరగబోతే అక్కడే ఉండు అంది. అక్కడే ఉండి, మెల్లగా, వాచ్‌మన్‌కి వినపడకుండా అడిగాడు.

"పీతలే ఎందుకని అడిగేరా?"

పిల్ల చేతులు ఆగాయి. "అడిగారు."

"ఏం సెప్పేవు?"

"అమ్మ గురించి చెప్పాను." బకెట్టు మీద మూత పెట్టింది. "నీ గురించి చెప్పలేదు."

లేచి స్నానాల గది వైపు నడిచింది. తలుపు దగ్గర ఆగి, "నువ్వు ఇంటికెళ్ళిపో నాన్నా, నేను బస్సుకొస్తాను" అంది. తలుపు పడింది. నీళ్ళ చప్పుడు మొదలైంది, చాలాసేపు వినిపించింది.

త్రిమూర్తులు వచ్చి బండికి మందు కొట్టాడు. చెప్పులు విప్పమన్నాడు, తగలబెట్టాలట. విప్పాడు. కంపెనీ హద్దు దాటి అవతల నిలబడండి, ఏమనుకోకండేం, అన్నాడు. ఏమీ అనుకోలేదు. బండి తోసుకుంటూ రోడ్డు మీదకి వచ్చాడు. ఎండకి తారు మెత్తబడి ఉంది, అరికాలు పెడితే చుర్రుమంటోంది. ఒక కాలు ఎత్తి రెండోదాని మీద, అది ఎత్తి దీని మీద, అలా మార్చుకుంటూ నిలబడ్డాడు. కాకినాడ బస్సు ఒకటి వచ్చి, ఇతన్ని చూసి ఆగబోయి, వెళ్ళిపోయింది. బస్సుకొస్తానంది పిల్ల. అయినా కదల్లేదు.